విదర్‌బర్న్ బాపురావుగారి తిథి

...అసలు మెదళ్ళు రెండు రకాలు. కళ్ళెదుట ఉన్నదాన్ని చూసేది ఒక రకం, ఎవరికీ కనపడనిదాన్ని చూసేది ఇంకో రకం. ఈ రెండో రకం వందేళ్ళకి ఒక్కటే పుడుతుందనీ, ప్రస్తుత శతాబ్దపు వాటా తన తలకాయలోకే వచ్చిపడిందనీ పాలపర్తి వెంకటసుబ్బారావుకి చిన్నప్పటినుంచీ ఒక అనుమానం. మూడు వారాల కిందట ఆ అనుమానమూ తీరిపోయింది. అలాంటి మెదడు ఉన్నవాడికి కళ్ళెదుట ఉన్నవి కనపడకపోవడంలో వింత లేదు. ఇవాళ ఆయన ఎడమ కాలికి తన సాక్సూ, కుడి కాలికి భార్య పద్మిని సాక్సూ ఉండడానికి కారణం అదే. కుడి సాక్సు మీద చిన్న చిన్న ఊదారంగు పూలున్నాయి. వాటిని చూస్తుంటే ఏదో దిగులు. దిగులుకి మూలం సాక్సు అయ్యుండదు, ఇంకెక్కడో ఉంటుంది, మనసనేది ఒక చీకటి కొట్టు, అందులోకి దిగాలంటే మొదటి మెట్టు...

"సామీ, దిగేదుందా లేదా? ఇంజను ఆపి పది నిమిషాలాయ."

ఆలోచన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. డ్రైవరు సీట్లోంచి శ్రీకాంత్ తనవైపే చూస్తున్నాడు. శ్రీకాంత్‌ది కడప. ఇంగ్లీషు దేశపు న్యూకాసిల్‌లో ఇద్దరిదీ ఒకటే సాఫ్ట్‌వేర్ ఆఫీసు. వెంకటసుబ్బారావు డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు తప్పాడు కాబట్టి, పరిశోధనకి కావలసిన కారూ, ఓపికా రెండూ శ్రీకాంత్‌వే.

"శ్రీకాంతూ, నేనిప్పుడు దేన్ని గురించి ఆలోచిస్తున్నానో చెప్పగలవుటయ్యా?"

"ఆకలయితాందని."

వెంకటసుబ్బారావు ఉలిక్కిపడ్డాడు. ఆ చీకటి కొట్టు అడుగున నిజంగా అదే ఉంది. "కాదు" అన్నాడు గంభీరంగా. "నేరస్థుణ్ణి గురించి."

కారు ఆగింది విదర్‌బర్న్ అనే పల్లెటూళ్ళో. న్యూకాసిల్‌కి ఉత్తరంగా గంట ప్రయాణం. నలభై ఇళ్ళు, ఒక టీ కొట్టు, ఒక రాతి చర్చి, లెక్కకు మించిన గొర్రెలు. 2013 మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. ఈ ఊళ్ళో ఒక ఘోరమైన రహస్యం రెండు వందల ఇరవై రెండేళ్ళుగా నిద్రపోతోందని ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. వాళ్ళలో ఒకరు నమ్మడం లేదు.

రహస్యం మూలం మాత్రం వెంకటసుబ్బారావు నాయనమ్మ శేషమ్మ దగ్గరుంది. ఆవిడ లెక్క ప్రకారం వాళ్ళ వంశంలో బాపురావు అనే పెద్దాయన బందరులో ఒక దొరగారి దగ్గర దుబాసీగా ఉండేవాడు. దొర స్వదేశానికి ఓడెక్కుతుంటే తోడుగా తనూ ఎక్కాడు. మళ్ళీ దిగలేదు. ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో తెలియదు. పోయిన తిథి తెలియని మనిషికి తద్దినం పెట్టడం ఎలా? అందుకని ఆయనకి ఎవరూ ఏనాడూ పెట్టలేదు. ఇంట్లో పిల్లాడు పరీక్ష తప్పినా, గేదె పాలు ఎగ్గొట్టినా శేషమ్మ నిట్టూర్చి, "ఆ బాపురావుగారికి తిథి లేకనే ఇదంతా" అనేది. డ్రైవింగ్ టెస్టు మూడోసారి తప్పినప్పుడు వెంకటసుబ్బారావుకి ఆ మాట గుర్తొచ్చింది.

మూడు వారాల కిందట పిక్నిక్ నుంచి తిరిగొస్తుంటే జోరుగా వాన పట్టుకుని, ఈ చర్చిలోకి పరిగెత్తారు. అక్కడ బల్లమీద ఒక లావుపాటి పుస్తకం. ఊరి చర్చి రిజిస్టర్లకి ఎప్పుడో ఒక పాస్టరుగారు టైపు చేసిపెట్టిన సూచిక. ఎవరైనా తమ పూర్వీకుల్ని వెతుక్కోవచ్చు. తడిసిన చేత్తో మధ్యకి తెరిచాడు. వేలు ఒక పంక్తి మీద పడింది. బి, ఎ, పి, చుక్క. ఆర్, ఓ, డబ్ల్యూ. ఆ పక్కన 1791 మార్చి 9.

రావు అనే మాటని ఆ కాలపు తెల్లదొరలు ఎలా రాసేవారు? 'రో' అని. మరి బాప్ అంటే?

"బాపురావు!" అని వెంకటసుబ్బారావు అరిచిన అరుపుకి చర్చి కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

ఇంకో మనిషైతే అక్కడ సందేహపడేవాడు. గుళ్ళో పుస్తకంలోకి మనిషి పేరు ఎందుకెక్కుతుంది? అర్చన చేయించుకున్నా ఎక్కాలి, పోయినా ఎక్కాలి. బాపురావుగారు ఇక్కడ అర్చన చేయించుకునే ప్రశ్నే లేదు కాబట్టి పోయాడు. ఇంటర్నెట్ పంచాంగంలో ఆ తేదీ కొడితే ఫాల్గుణ శుద్ధ పంచమి అని వచ్చింది. రెండు శతాబ్దాలుగా వంశానికి దొరకని తిథి అరనిమిషంలో దొరికింది. మరి అదే పుస్తకంలో బాప్ రో 1818లోనూ, 1846లోనూ, ఆ తర్వాతా మళ్ళీ మళ్ళీ ఎందుకుంది? పామరులకి ఇది చిక్కుముడి. తెలుగువాడికి మంచినీళ్ళ ప్రాయం. తాత పేరు మనవడికి పెట్టారు, అంతే. ఎమ్, ఎ, ఆర్ అన్న మారుతీరావులు కొందరు ఉన్నారు. బి, యు, ఆర్ దగ్గర మాత్రం ఆ మహామేధ కాస్త తడబడింది.

"బుర్... రో. బుర్... రావు. ఇదేం పేరబ్బా?" అన్నాడు.

"బుర్ర రావు అని ఉంటాది సామీ. బుర్ర ఎంత పిల్చినా రానోనికి పెట్టింటారు" అన్నాడు శ్రీకాంత్.

"బుర్రా వారు! భేష్. అల్లుడి ఇంటిపేరు."

ఇంతకీ నేరం ఎక్కడుందంటే, ఆ పుస్తకానికి మొదటి పేజీ లేదు. రెండు నుంచి మొదలవుతుంది. బాపురావుగారి గురించి అసలు నిజం మొదటి పేజీలో ఉంది కాబట్టే ఎవరో దాన్ని మాయం చేశారు. వెంకటసుబ్బారావు రక్తం గడ్డకట్టింది. రెండో శనివారం పద్మిని ఫేస్ పౌడరు తెచ్చి పుస్తకం అట్ట మీద చల్లి వేలిముద్రలు తీశాడు, పదకొండు తుమ్ములు తుమ్మాడు. ఇరవై ఆరు ముద్రలు దొరికాయి. ఇరవై ఆరూ తనవే. మూడో శనివారం చర్చిలో ఆర్గాన్ వాయించే ముసలాయన అనుమానాస్పదంగా గబగబా నడవడం గమనించి ఆయన్ని మైలు దూరం నీడలా వెంటాడాడు. మైలు చివర ఆయన వెనక్కి తిరిగి, తోడు వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, కుక్కని పట్టుకోమని ఇచ్చి, చెట్టు చాటుకి వెళ్ళొచ్చాడు.

అసలు రిజిస్టర్లు కౌంటీ ఆర్కైవ్స్ అనే పాత రికార్డుల ఆఫీసులో ఉంటాయనీ, అక్కడికి పోతే ఒక పూటలో తేలిపోతుందనీ శ్రీకాంత్ రెండుసార్లు చెప్పాడు.

"అక్కడికి అందరూ వెళ్తారు" అన్నాడు వెంకటసుబ్బారావు, కొంచెం జాలిగా.

అక్కడికి వెళ్ళకపోవడానికి ఇంకో కారణం ఉందని ఆయనకి తెలుసు. తేలిపోతుందన్న మాటంటే భయం. బాపురావు ఆయనకి అవసరం. శేషమ్మ కోసమూ కాదు, గేదె కోసమూ కాదు. రేపల్లెలో ఉన్న అన్నయ్య పాండురంగం కోసం.

2010 డిసెంబరులో నాన్న పోయినప్పుడు ఇక్కడ మంచు పడి విమానాలు ఆగిపోయాయి. వెంకటసుబ్బారావు ఐదో రోజుకి చేరాడు. అన్నీ అన్నయ్యే చేసేశాడు. గుమ్మంలో సూట్‌కేసుతో నిలబడ్డ తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి, చుట్టాలందరి ముందూ, "గెస్టు వచ్చాడు, గెస్టుకి కాఫీ ఇవ్వండి" అన్నాడు. అంతే. వెంకటసుబ్బారావు ఆ కాఫీ తాగాడు. కాఫీ బాగుంది కూడా. బాగుండడం మరీ అవమానంగా తోచింది. అప్పటినుంచి రెండున్నరేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. నాన్నకి రెండు తద్దినాలు అన్నయ్యే పెట్టేశాడు. వట్టి చేతులతో ఫోన్ చేస్తే అవతలివాడికి తను గెస్టే. అదే బాపురావుగారి తిథి చేతిలో పెట్టుకుని చేస్తే? రెండు వందల ఏళ్ళలో వంశంలో ఎవడూ చేయలేని పని చేసినవాణ్ణి గెస్టు అనగలడా? బాపురావు దొరికితే అన్నయ్య దొరుకుతాడు. బాపురావు లేడంటే...

ఆ వాక్యాన్ని ఆయన ఎప్పుడూ పూర్తి చేయలేదు.

*

ముందు టీ కొట్టులోకి వెళ్ళారు. గోడమీద నల్లబల్ల, దానిమీద సుద్దముక్కతో ఆ రోజు తిండి జాబితా. వెంకటసుబ్బారావు ఒక్కసారిగా శ్రీకాంత్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"కదలకు. సహజంగా ఉండు. బల్ల మీద మూడో పంక్తి చదువు."

"ఎగ్ బాప్."

"నాలుగోది?"

"సాసేజ్ బాప్. ఏం సామీ, మీరు గుడ్డన్నా తింటారా?"

"మూర్ఖుడా! ఊరు ఊరంతా ఆయన పేరు పెట్టుకుని రొట్టె తింటోంది! ఎంత ప్రేమించకపోతే ఒక పరదేశి పేరు రొట్టెకి పెడతారు?"

"సామీ, అది గుండ్రంగా మెత్తగా ఉండే బన్ను. దేశం మొత్తం అట్లే అంటారు. మా ఇంటికాడ సూపర్‌మార్కెట్‌లో ఆరు బాపులు ఒక పాకెట్టు."

"దేశం మొత్తమా!" వెంకటసుబ్బారావు కళ్ళు చెమర్చాయి. "అంతవరకూ పాకిందన్నమాట."

శ్రీకాంత్ రెండు బాపులు తిన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. తెలుగు సంఘం అధ్యక్షురాలు కనకదుర్గ ఆంటీ. పిల్లల డాక్టరు. ఉగాది సభలో వేదిక ఎక్కి, 'ఈ గడ్డమీద తొలి తెలుగువాడి సమాధిని త్వరలో మీ ముందుంచుతాను' అని వెంకటసుబ్బారావు ప్రకటించినప్పటినుంచి ఆవిడ ఊరుకోవడంలేదు. అప్పటికి సమాధీ లేదు, ఊరూ లేదు, బాపురావుగారు ఉన్నాడన్న నమ్మకం ఒక్కటే ఉంది.

"వెంకటసుబ్బారావుగారూ, వచ్చే ఆదివారం నాకు డ్యూటీ రోటాలో ఖాళీ. కోచ్ మాట్లాడాం. ముప్పై నాలుగు మందిమి. పెద్ద పూలదండ ఒకటి చాలా, రెండు కావాలా?"

"ఒకటి చాలండీ" అన్నాడు.

"సమాధి ఎంత ఎత్తు ఉంటుందండీ? దండ కొలత కోసం."

సమాధి ఇంకా దొరకలేదు. "మధ్యస్థంగా ఉంటుందండీ" అని పెట్టేశాడు.

*

చర్చి పక్కగదిలో మిస్ డోరతీ రో ఎదురుచూస్తోంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. చర్చి తాళాలు, పూలు, పుస్తకాలు అన్నీ ఆవిడే చూసుకుంటుంది. రో ఇంటిపేరుతో ఊళ్ళో మిగిలింది ఆవిడొక్కతే. ఈ ప్రాంతంలో పెద్దవాళ్ళు ఎవర్నయినా ముద్దుగా 'పెట్' అని పిలుస్తారు. మొదటి శనివారం ఆవిడ "కూర్చో, పెట్" అన్నప్పుడు వెంకటసుబ్బారావు కాసేపు కుక్కపిల్లలా ముడుచుకున్నాడు. తర్వాత, "మిస్ రో, మనం బంధువులం అయ్యే అవకాశం ఉంది" అని చెప్పేశాడు. ఆవిడ చాలాసేపు ఆయన ముక్కువైపు చూసి, తన ముక్కు తడుముకుని, "ఇదెక్కణ్ణించి వచ్చిందా అని మా అమ్మ అనేది" అంది. అప్పటినుంచి శనివారాలు కప్పులు మూడు పెడుతోంది.

ఇవాళ ఆయన నేరుగా విచారణలోకి దిగాడు. కుర్చీ వెనక్కి జరిపి, సగం కళ్ళు మూసి, సాక్షిని కలవరపెట్టే నిశ్శబ్దం పాటించాడు. సాక్షి చక్కెర వేసి కలుపుతోంది.

"మిస్ రో, బాగా ఆలోచించుకుని జవాబు చెప్పండి. ఈ పుస్తకంలో బాప్ రో ఎన్నిసార్లు ఉంది?"

"మా బాపులా? పదిహేడు ఉంటాయి. రో అని ఉంటే మావాళ్ళే."

"మీ నాన్నగారు?"

"ఆయన బాపూ ఉంది. తాతది కూడా."

వెంకటసుబ్బారావు శ్రీకాంత్ డొక్కలో పొడిచాడు. "మరి... మీరు?"

"నాది లేకేం, పెట్? పంతొమ్మిది వందల ముప్పై నాలుగు, జూన్. ఒకటే ఏడుపట."

"ఎందుకండీ, పేరు నచ్చకా?"

"నీళ్ళు చల్లగా ఉండి."

"నీళ్ళు!" వెంకటసుబ్బారావు లేచి నిలబడ్డాడు. "నీళ్ళు పోశారా?"

"నెత్తిమీద. పోయకపోతే బాప్ ఎలా అవుతుంది?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఆయన తెలుగులోకి దూకాడు. "విన్నావా శ్రీకాంతూ! పురిటిస్నానం! పదకొండో రోజు నీళ్ళు పోసి, పేరు పెట్టి, బారసాల! చర్చిలో చేరారు, ఇంగ్లీషు మాట్లాడారు, గొర్రెలు కాచారు, కానీ నీళ్ళు పోయడం మాత్రం మానలేదు. రక్తం ఎక్కడికి పోతుందయ్యా?"

"సామీ, నాకెందుకో వేరే అనుమానం వస్తాండాది. ఈ బాప్ అనేది మనిషి పేరు మాదిరి లేదు. నీళ్ళు, చర్చి, చంటిబిడ్డ..."

"అనుమానించే శాఖ నాది. నీది రవాణా శాఖ."

"సరే. మల్ల నన్ననొద్దు."

మిస్ రో ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, భాష ఏదైనా మగవాళ్ళ దెబ్బలాట ముగిసేదాకా ఆగాలన్న నిర్ణయానికి వచ్చినట్టుంది, గోడల మీది ఇత్తడి ఫలకాలు తుడవడానికి చర్చిలోకి వెళ్ళింది. బల్లమీద ఆవిడ బిస్కెట్ల డబ్బా తెరిచే ఉంది.

ఇక్కడ మహామేధావుల జీవితాల్లో తరచు ఎదురయ్యే ఒక బలహీనత గురించి చెప్పాలి. వెంకటసుబ్బారావుకి షుగరు. ఫిబ్రవరిలో రిపోర్టు చూసి పద్మిని, "నేను హాస్పిటల్లో ముక్కూ మొహం తెలీనివాళ్ళకి చెప్తే వింటారు. ఇంట్లో చెప్తే మీరు వినరు. బిస్కెట్టు ముట్టుకున్నారంటే ఇంటి రోటాలో వంట వంతు కూడా మీకే వేస్తా" అంది. అప్పటినుంచి ఆయన బిస్కెట్టుని ముట్టుకోలేదు, చూసేవాళ్ళెవరైనా ఉన్నప్పుడు.

"శ్రీకాంతూ, బయట ఎవరో నిఘా వేస్తున్నట్టుంది. కిటికీలోంచి చూడు."

శ్రీకాంత్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "గొర్రె."

"జాగ్రత్తగా చూడు. నిజం గొర్రేనా?"

ఆ వ్యవధిలో చెయ్యి డబ్బాలోకి దిగింది. వెన్న బిస్కెట్టు ఒక్కటే మిగిలింది, అడుగున అంటుకుపోయి. గోటితో లేపితే రాలేదు. గట్టిగా లాగాడు. బిస్కెట్టుతోపాటు దాని కింద పరిచిన కాగితం కూడా మొత్తంగా ఊడి వచ్చింది. కాగితం నిండా వెన్న మరకలు. మరకల మధ్య టైపు అక్షరాలు. పైన మూలలో ఒకటి అనే అంకె.

"సామీ, నిజం గొర్రే" అని శ్రీకాంత్ వెనక్కి తిరిగేసరికి, తమ కేసులోని అపహరణకు గురైన పత్రాన్ని ఒక చేత్తోనూ, బిస్కెట్టుని నోట్లోనూ పట్టుకుని వెంకటసుబ్బారావు బొమ్మలా నిలబడి ఉన్నాడు.

శ్రీకాంత్ కాగితం తీసుకుని చదివాడు. "ఈ సూచికలో వాడిన పొట్టి గుర్తులు. బి ఎ పి, బాప్టిజం. ఎమ్ ఎ ఆర్, మ్యారేజి. బి యు ఆర్..." ఆపేసి తలెత్తాడు. "బరియల్. పూడ్చిపెట్టడం."

ఆ క్షణంలో ఆ గది ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు పడిపోయింది. మిస్ రో లోపలికి వచ్చి హీటరు ఆపేసింది.

"అయ్యో, ఆ కాగితమా!" అంది. "తొంభైల్లో ఎప్పుడో ఊడిపోతే డబ్బాలో పరిచాను. ఆ రోజు వెన్న కాగితం అయిపోయింది. అయినా అవేమిటో ఎవరికి తెలియదు?"

ఎవరికి తెలియదు! వెంకటసుబ్బారావు కూర్చున్నాడు. నోట్లో బిస్కెట్టు కరిగిపోతోంది, మింగాలో వద్దో తెలియలేదు. 1791 మార్చి 9న ఈ ఊళ్ళో ఎవరూ పోలేదు. ఎవరో పసివాడు చల్లనీళ్ళకి ఏడ్చాడు. అంతే జరిగింది. మారుతీరావులు పెళ్ళిళ్ళుగా మారిపోయారు. బుర్రా వారి అల్లుడు గోతిలో పడ్డాడు. బాపురావుగారు మళ్ళీ ఓడెక్కి, నాయనమ్మ చెప్పిన ఆ నీళ్ళ మీదికి, తిథీ గితీ లేకుండా వెళ్ళిపోయాడు. ఆయన వెనక, రెండున్నరేళ్ళ మౌనం మోసుకుంటూ, రేపల్లె కూడా వెళ్ళిపోయింది.

"కేసు తేలిపోయె సామీ" అన్నాడు శ్రీకాంత్ మెల్లగా. వెక్కిరించలేదు. అదే ఇంకా బాధగా ఉంది.

"మిస్ రో" అన్నాడు వెంకటసుబ్బారావు, బిస్కెట్టు మింగేసి. "నన్ను క్షమించాలి. మీరూ నేనూ బంధువులం కాము. బాప్ రో అంటే మా బాపురావు అనుకున్నాను."

ఆవిడకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు, పెదవులు మాత్రం గట్టిగా బిగించింది. భుజాలు కదిలాయి. తర్వాత బాగా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "డెబ్భై తొమ్మిదేళ్ళుగా నేను బాపురావునన్నమాట" అంది. కెటిల్ మళ్ళీ పెట్టింది. కప్పులు మూడూ తీయలేదు. "ఇంతకీ ఆయన్ని అంతగా ఎందుకు వెతుకుతున్నావు?"

ఆయన చెప్పాడు. మనిషి పోయిన రోజుని తేదీతో కాక చంద్రుణ్ణి బట్టి లెక్కపెడతారనీ, దాన్ని తిథి అంటారనీ, ఏటా ఆ రోజున పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదులుతారనీ, తిథి తెలియకపోతే ఆ మనిషి పేరు ఎవరి నోటా పలకదనీ. చెబుతుంటే తన గొంతు తనకే శేషమ్మ గొంతులా వినిపించింది.

"మంచి పద్ధతి" అంది ఆవిడ, చక్కెర వేయకుండా ఆయన కప్పు ఇస్తూ. "మీ నాన్నగారు ఉన్నారా?"

"పోయారు. డిసెంబరు పద్దెనిమిది."

"అది మా లెక్క కదా, పెట్. మీ చంద్రుడి లెక్కలో ఎప్పుడు?"

వెంకటసుబ్బారావు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. 1791లో పోని మనిషి తిథి ఆయనకి తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తను వెళ్ళేసరికి ఐదో రోజు. ఎవరో మంత్రాల్లో మాసమూ, పక్షమూ, తిథీ గడగడా చదివారు. అక్కడున్న రోజులన్నీ ఆయన చెవుల్లో 'గెస్టు' అన్న ఒక్క మాటే ఉంది. ఇంకేదీ దూరడానికి చోటు లేదు.

"తెలియదు" అన్నాడు.

శ్రీకాంత్ ఫోన్ తీశాడు. "పంచాంగంలో కొడ్తే అర్ధ నిమిషం సామీ. కొట్టేదా?"

"వద్దు" అన్నాడు వెంకటసుబ్బారావు. అని లేచాడు.

"యాడికి?"

"అడగాలి."

*

విదర్‌బర్న్‌లో ఫోన్‌కి సిగ్నల్ వచ్చేది చర్చి గేటు దగ్గర ఒక్కచోటే, అదీ గేటు కింది అడ్డకమ్మీ ఎక్కి నిలబడితే. వెంకటసుబ్బారావు ఎక్కి నిలబడ్డాడు. పూలసాక్సు ఎండలో మెరుస్తోంది. వెనకాల శ్రీకాంత్ గేటు ఊగకుండా పట్టుకున్నాడు.

"ఆదివారం ముప్పై నాలుగు మందికి ఏం చెప్పాలయ్యా?"

"పులిహోర తెస్తాండారు కదా. సమాధి లేదంటే ఎవరూ ఏడ్వరు. పులిహోర లేదంటేనే గొడవ. ముందు ఆ ఫోన్ చేయండి."

మూడు గంటలయింది. అక్కడ సాయంత్రం ఏడున్నర. అన్నయ్య టీవీ ముందుంటాడు. ఫోన్‌లో ఆ నంబరు 'గెస్ట్ హౌస్' అన్న పేరుతో ఉంది. కోపంలో అలా మార్చుకున్నాడు, రోజూ చూసి కసి తీర్చుకోవడానికి. నొక్కాడు. రింగైంది.

"హలో" అన్నది అన్నయ్య గొంతు, అదే విసుగు, అదే దగ్గు. "మాకు లోన్లూ వద్దు, కార్డులూ వద్దండీ. ఆ నంబరూ ఈ నంబరూ మార్చి ఎన్నిసార్లు చేస్తారు?" కట్.

"ఏమన్యాడు?"

"లోను వద్దన్నాడు."

"మంచి మనిషే. మల్ల చేయండి."

వెంకటసుబ్బారావు గొర్రెలవైపు చూశాడు. మూడు వారాలుగా ఆయన ఒక ఉపన్యాసం తయారు చేసుకుని ఉన్నాడు. 'అన్నయ్యా, మన వంశంలో రెండు శతాబ్దాలుగా ఎవరికీ సాధ్యం కానిది' అని మొదలవుతుంది. ఇప్పుడు వెతికితే అందులో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. చేతిలో ఏమీ లేదు, బిస్కెట్టు పొడి తప్ప. మళ్ళీ నొక్కాడు.

"ఏవండీ, మీకు తెలుగు అర్థం కాదూ?"

"అన్నయ్యా."

అవతల టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు క్రమంగా తగ్గి ఆగిపోయింది. ఎవరో రిమోట్ నొక్కారు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

"నేను. సుబ్బుని" అన్నాడు వెంకటసుబ్బారావు. "నాన్న తిథి ఏమిటో నాకు తెలీదు అన్నయ్యా. చెప్పవూ?"